అమ్మ చదివి పెట్టిన లినక్స్

కాలనీలో ఎవరింటికైనా కంప్యూటర్ వస్తే చుట్టుపక్కల వాళ్లంతా చూడటానికి వెళ్లే ఆ రోజుల్లో, రాయ్‌పూర్ రైల్వే కాలనీకంతటికీ నేనే పెద్ద ఇంజనీరునన్న భ్రమలో ఉండేవాణ్ణి. (చదువుతున్నది పన్నెండో తరగతి.) ఒక పత్రికతో పాటు ఊరికే ఇచ్చిన లినక్స్ (కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) సీడీ చేతికి చిక్కాక ఆ భ్రమ ముదిరింది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా పంచిపెట్టొచ్చు అని దానిమీద రాసుంది. ఇంత మంచివాళ్లు కూడా లోకంలో ఉన్నారా అని పొంగిపోయాను. చిక్కల్లా ఒక్కటే. అక్క కాలేజీ ప్రాజెక్టు మా ఇంట్లో ఉన్న ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంది, మర్నాడే ఇచ్చెయ్యాలి, వేరే కాపీ లేదు. "హాత్ భీ మత్ లగానా, ముట్టుకున్నావంటే కాళ్లిరగ్గొడతాను" అని చెప్పి మరీ అక్క టాటీబంధ్‌లో స్నేహితురాలింటికి వెళ్లింది. అది గుమ్మం దాటగానే నేను సీడీ పెట్టాను.

ముందుగా ఏ భాష కావాలని అడిగింది. హిందీ, ఇంగ్లీషు, వాటితోపాటు మన తెలుగు! పరాయి ఊళ్లో చుట్టం ఎదురైనంత సంబరంగా తెలుగు నొక్కేశాను. తెరనిండా తెలుగే. అప్పుడు గుర్తొచ్చింది, నాకు తెలుగు చదవడం రాదని. (ఇంట్లో మాట్లాడేది తెలుగే, బళ్లో చదివింది హిందీ. 'తెలుగు' అన్న ఒక్క మాటని మాత్రం తెలుగు సంఘం బోర్డు మీద చూసి చూసి బొమ్మలా గుర్తుపట్టేవాణ్ణి.) ఆపేసి మళ్లీ మొదలుపెట్టొచ్చని ఆ మహా ఇంజనీరుకి తట్టలేదు. నాన్న కూడా ఇక్కడే పుట్టి పెరిగినవాడు కాబట్టి, ఇంట్లో తెలుగు చదవగలిగింది శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మ ఒక్కతే. పప్పు పొయ్యిమీద ఉండగానే ఆవిణ్ణి లాక్కొచ్చాను.

"జల్దీ చదువమ్మా!"

"ఏటిరా నీ జల్దీ, కూడబలుక్కోనీ" అని, వారపత్రికలో సీరియల్ చదివినట్టు ఆగాల్సిన చోట ఆగుతూ చదవసాగింది. నేను ప్రతిదానికీ "సరే, సరే" అని నొక్కుకుంటూ పోయాను. "డిస్కులో ఉన్నదంతా చెరిపివేసి..." అని ఆవిడ ఇంకా అంటూనే ఉంది, నా వేలు బొత్తం మీదికి వెళ్లింది. చేతిమీద ఫట్‌మని ఒక్కటి పడింది.

"ఉన్నదంతా అంటే అక్కది కూడా పోద్ది కదేటిరా! కిందన ఇంకోటుంది సూడు, ఉన్నదాని పక్కనే పెట్టమని. దాన్ని దాని పాటికి ఉండనీ, దీన్ని పక్కనెట్టు."

పక్కనే పెట్టాను. సాయంత్రం అక్క వచ్చి ప్రాజెక్టు తెరిచేదాకా నేను కంప్యూటర్ దగ్గర్నుంచి కదల్లేదు. ఒక్క అక్షరం పోలేదు! పప్పు మాత్రం మాడిపోయింది. అందరం నవ్వుకుంటూ అదే తిన్నాం.

అప్పట్నుంచి కంప్యూటర్ అమ్మదైపోయింది. దుమ్ము తుడవడానికి తప్ప దాని దగ్గరికి రాని మనిషి, అది తెలుగులో పలకరించేసరికి మధ్యాహ్నాలు కుర్చీ లాక్కుని పేకాట ఆడటం మొదలుపెట్టింది. నేనేమో పక్కన నిలబడి "ఇదేంటమ్మా, అదేంటమ్మా" అని అడుక్కోవాలి. విసిగిపోయి ఆ తెరమీదే నాకు అక్షరాలు నేర్పింది. అందరి చదువూ 'అ'తో మొదలైతే నాది ఆ తెరమీద ఫైలుకి రాసిన 'దస్త్రం'తో మొదలైంది.

ఇప్పుడు ఊరి పక్కన సిల్తారాలో ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. తెలుగు గడగడా చదువుతాను. అయినా ఫోన్‌లో ఏదైనా మంచి తెలుగు కనబడితే తీసుకెళ్లి అమ్మ చేతిలో పెడతాను. "నీకొచ్చు కదేటిరా" అంటుంది.

వచ్చు. కానీ ఆవిడ గొంతులో వింటేనే నాకు చదివినట్టుంటుంది.