ఉప్పుగాలిలో ఒక స్టీలు రాడ్డు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వేసవి మొదట్లో నన్ను పలాసకు వేశారు. ఫిజియోథెరపిస్టుగా అదే నా ఆఖరి పోస్టింగు. ఉదయం ఆసుపత్రి పని ముగిశాక, డయాలసిస్ చేయించుకునే వాళ్ల ఇళ్లకు వెళ్లి, పడిపోకుండా ఏర్పాట్లు చూడటం కూడా నాకే అంటగట్టారు. పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. ఆ కొబ్బరితోటల దారులన్నీ ఆటోల్లో తిరిగి తిరిగి, రోగుల మోకాళ్లకంటే ముందు నా మోకాళ్లే అరిగిపోయాయి.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్న సామెత కట్టినవాడు డయాలసిస్ రోగిని చూసి ఉండడు. మిషన్ మీద నుంచి లేచిన రోజు బీపీ పడిపోతుంది, కాళ్లలో సత్తువ ఉండదు. ఎముకలు పెళుసు. తడి గచ్చు మీద జారి మంచాన పడితే, ఆ మనిషిని మళ్లీ మిషన్ దగ్గరికి తీసుకురావడమే గగనం. అందుకే బాత్రూము గోడకు, పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ బిగించేవాళ్లం. కాగితాల మీద దాని పేరు గ్రాబ్ బార్. ఊళ్లో అందరికీ రాడ్డు.

వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రాన్ని ఆనుకున్న ఒక పల్లెలో నీలమ్మ అనే ఆవిడకు అలాంటిదే పెట్టించాను. ఒకప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. భర్త ఎర్రయ్య ఇంకా వేటకు వెళుతున్నాడు. ఆవిడ ఎడమచేతిలో ఫిస్టులా ఉంది. అంటే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు. ఆ చేతి మీద బరువు పడకూడదు కనుక రాడ్డు కుడివైపు గోడకే రావాలి. అది బోలు సిమెంటు ఇటుకల గోడ, మామూలు స్క్రూలు నిలవవు. మేస్త్రీ చేత గోడ అవతలి దాకా దూరే బోల్టులు వేయించి, బయటివైపు ఇనుప పలకలు పెట్టించాను. ఎత్తు ఆవిడ మోచేతిని బట్టి గుర్తు పెట్టాను. చివరికి నేనే వేలాడి చూశాను. కదల్లేదు.

నీలమ్మ కోరింది ఒక్కటే. "మగోడి సేత నీళ్లు పోయించుకోడం నావల్ల కాదు బాబూ. నా తానం నేను సేసుకుంటే సాలు" అంది.

కొన్ని వారాలకు ఆవిడ జారిపడిందని కబురొచ్చింది. వెళ్లేసరికి కుడి మణికట్టుకు పిండికట్టు ఉంది. ఎడమచేతిని వాడకూడదు, కుడిచేయి పనికి రాదు. ఎర్రయ్య వేట మానేసి ఆవిడకు స్నానం చేయిస్తున్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. నాకు మేస్త్రీ మీద, ఆ గోడ మీద, ఎండ మీద, అన్నిటి మీదా ఒళ్లు మండింది.

నేరుగా బాత్రూములోకి వెళ్లి రాడ్డు పట్టుకుని లాగాను. బోల్టులు చెక్కుచెదరలేదు. నా చేయి మాత్రం సర్రున జారింది. వాసన చూస్తే కొబ్బరినూనె.

గుమ్మంలో నిలబడ్డ ఎర్రయ్య నేను మెచ్చుకుంటాననుకున్నట్టున్నాడు. "రోజూ నూనె రాత్తన్నాను బాబూ. మా ఉప్పుగాలికి ఏ ఇనుమైనా నెల తిరక్కుండా తుప్పట్టిపోద్ది" అన్నాడు. అతణ్ని ఏమనగలం? ఆ ఒడ్డున ఇంజనుకు, సైకిలుకు, తలుపు గొళ్లేనికి కూడా నూనె పట్టిస్తేనే నాలుగు కాలాలు ఉంటాయి. తుప్పు పట్టదని కొన్న సామాన్లు తుప్పు పట్టడం అతను చాలాసార్లు చూసినవాడు. బిగించిన రోజు, రాడ్డును పొడిగుడ్డతో తుడుస్తుండమని నేను చెప్పాను. అతను తుడిచి, నూనె కూడా రాశాడు.

అతను కొబ్బరిబొండాం కొట్టుకురావడానికి పెరట్లోకి వెళ్లగానే నీలమ్మ గొంతు తగ్గించింది. "నూనెకే జారింది బాబూ, నాకు తెలుసు. ఆయనకి మాత్రం సెప్పొద్దు. కళ్లు తిరిగి పడ్డానని సెప్పాను. తెలిస్తే మనిసి తిండి మానేత్తాడు."

మా పద్ధతి ప్రకారం ప్రమాదానికి కారణం ఇంట్లోవాళ్లకు చెప్పి తీరాలి. కానీ ఆవిడతో వాదించే ఓపిక నాకు లేకపోయింది, మనసూ రాలేదు. ఎర్రయ్య తిరిగొచ్చాక, రాడ్డుకు వల అల్లే నైలాను తాడు చుడితే తడిచేతికి మంచి పట్టు దొరుకుతుందని, ముందు సబ్బునీళ్లతో కడగమని మాత్రం చెప్పాను. అతను కడగకుండానే చుట్టడం మొదలుపెట్టాడు. తాడు నిలవలేదు. బిగించేకొద్దీ పక్కకు జారిపోతోంది. రెండోసారి జారినప్పుడు చేతులు ఆపేశాడు. నూనె అంటిన తన వేళ్లను చూసుకున్నాడు.

"నూనెకే పడిందేటి బాబూ?" అని అడిగాడు.

అవునన్నాను. అతను గచ్చు మీదే కూలబడిపోయాడు.

లోపలి గదిలోకి ఆ మాట వినిపించినట్టుంది. "మావా, అక్కడే కూకుంటావేటి? నీళ్లు కాగినాయి. వచ్చి నాకు తానం సేయించు" అని నీలమ్మే పిలిచింది.

రిటైరయ్యేదాకా మిగిలిన ఇళ్లలో ఒక పద్ధతి పాటించాను. రాడ్డు బిగించాక, ఆ ఇంట్లో ఇనుప సామాన్ల బాగోగులు ఎవరు చూస్తారో కనుక్కునేవాడిని. ఆ మనిషి చేతులు తడిపించి, రాడ్డు లాగించి, దీనికి నూనె గానీ పూజ పసుపు గానీ తగలకూడదని ఆ నోటితోనే చెప్పించేవాడిని. అప్పటికి గానీ పని పూర్తయిందని రాసేవాడిని కాదు. దానివల్ల ఆటో తప్పిపోయి రోడ్డు మీద నిలబడ్డ సాయంత్రాలు ఎన్నో.