వెడల్పు స్క్రీన్‌లో కనపడని డాబా

పటమటలో మా ఇంటి దగ్గరి గేమ్ సెంటర్‌కి వెళ్లే అమ్మాయిని నేనొక్కదాన్నే. ఇంటర్ చదివే రోజులవి. ఆదివారం బెంజ్ సర్కిల్ గేమ్ సెంటర్ వాళ్లతో తుపాకుల ఆటలో పోటీ. మా జట్టులో ఒక్క చోటే మిగిలింది. అది నాకు కావాలి, అంతే.

ఓనర్‌గారి బావమరిదికీ అదే కావాలి. ఓనర్‌గారు కొత్తగా వెడల్పాటి మానిటర్లు తెచ్చారు. పాత చదరం మానిటర్ మూలన ఒక్కటే ఉండిపోతే, బావమరిది దాని ముందు తిష్ఠ వేశాడు. ఆటలో డాబా ఎక్కిన నన్ను కూడా వదలకుండా కాల్చేవాడు. అతను డాబా మీదుంటే మాత్రం నాకు కాలి గోరు కూడా కనపడేది కాదు.

"ఇంత పెద్ద స్క్రీన్ పెట్టుకుని కనపడలేదంటావేంటమ్మా? ఆడపిల్లలకి ఇవన్నీ ఎందుకులే," అన్నారు ఓనర్‌గారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మాది వన్‌టౌన్‌లో చీరల కొట్టు. లాగిపట్టి కొలిస్తే గుడ్డ పెరగదని చిన్నప్పుడే తెలుసు. అందుకే రెండు మానిటర్లలోనూ ఆటలో ఒకే సందులో నిలబడి చూశాను. పాతదాంట్లో డాబా పిట్టగోడ కనిపిస్తోంది, కొత్తదాంట్లో లేదు. ఆ ఆట పక్కలకు చూపించేది రెండింట్లోనూ ఒకటే. వెడల్పు నింపడానికి పైనా కిందా కోసేస్తోంది. సెట్టింగ్స్‌లో చూపు కోణం అంకె పెంచాను. పిట్టగోడ తిరిగొచ్చింది.

"సెట్టింగ్స్ ముట్టుకుంటే చీటింగే," అంటూ ఓనర్‌గారు పాత అంకె పెట్టేశారు.

"సరేనండీ. కొత్తదే గొప్పదన్నారుగా, మీ బావమరిదిగారిని ఇక్కడ కూర్చోబెట్టండి. నాకా పాతది చాలు."

కుర్రాళ్లు పగలబడి నవ్వారు. ఓనర్‌గారు కాదనలేక, "సరే కానివ్వు, గెలిచినవాళ్లకే చోటు," అన్నారు.

ఆట మొదలవగానే నేను నేరుగా డాబా ఎక్కాను. బావమరిది కింద సందులో అటూ ఇటూ పరిగెత్తి, పడిపోయి, లేచి, మళ్లీ పడిపోయాడు.

"బావా, ఎవడో కాలుస్తున్నాడు. ఎక్కణ్నుంచో తెలీట్లేదు," అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఎవడో కాదండీ, నేను," అని ఆఖరి గుండు కూడా దింపాను. లేచి నిలబడి, ఆదివారం ఎన్నింటికి రావాలని ఓనర్‌గారిని అడిగాను.