పత్తెం ఎప్పుడైపోయింది

కూర్మయ్య నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్ఫయ్యేళ్ళు గోగునార కట్టలు మోసిన మనిషి. అతని భార్య సుభద్రమ్మకి ఏ ఉద్యోగమూ లేదు. మూడేళ్ళ కిందట మొగుడి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిశాక ఒకటి దొరికింది. పత్తెం పెట్టడం.

"పప్పూ గుడ్డూ చేపా తగ్గించమ్మా, కిడ్నీల మీద భారం పడుతుంది" అన్నాడు అప్పటి డాక్టరు. తగ్గించమంటే సుభద్రమ్మ పూర్తిగా మాన్పించేసింది. అబ్బో, ఆవిడ పట్టు పట్టిందంటే ఉడుంపట్టే! లంఖణం పరమౌషధం అని వాళ్ళమ్మ అనే మాట ఒకటి తోడు. గంజి వార్చిన అన్నం, పల్చటి చారు, బీరకాయ కూర. పెళ్ళి భోజనాలకెళ్ళినా మొగుడి విస్తరి పక్కన పోలీసులా కూర్చునేది.

ఏడాది తిరక్కుండానే డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు విజయనగరం బస్సు. పత్తెం మాత్రం అలాగే సాగింది. ఇక చాలని ఎవరూ చెప్పలేదు, చాలా అని ఆవిడా అడగలేదు. డయాలసిస్ సెంటర్లో కాటా ఎక్కిన ప్రతిసారీ ఇంచుమించు అదే బరువు. "కిలో కూడా తగ్గనేదు మా మావ" అని పక్క మంచం వాళ్ళకి గొప్పగా చెప్పుకునేది. అతని తొడలు చిక్కిపోయి లుంగీ జారిపోతున్నా కాటా మాటే నమ్మింది.

మొన్న బుధవారం, తిండి సంగతులు చూసే రేఖ అనే అమ్మాయి సెంటర్‌కి కొత్తగా వచ్చింది. సూది గుచ్చకముందే కూర్మయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, "సేతులు కట్టుకుని ఐదుసార్లు లేసి కూర్చో మావయ్యా" అంది. అతను ఒక్కసారి కూడా లేవలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

అతన్ని మిషనుకి తగిలించాక రేఖ సుభద్రమ్మని వరండాలోకి పిలిచింది.

"ఇంట్లో ఏటి పెడతన్నావమ్మా?"

సుభద్రమ్మ గర్వంగానే చెప్పింది.

"ఆ పత్తెం మిషను ఎక్కకముందుదమ్మా. మిషను నెత్తురు కడిగినప్పుడల్లా ఒంటికి బలమిచ్చేది కూడా కొంత పట్టుకుపోతాది. అందుకే ఇప్పుడు ఎక్కువ తినాల. కండ కరిగిపోనాది, దాని జాగాలో నీరు సేరినాది. కాటాకి ఆ తేడా తెలీదు."

రోజూ గుడ్ల తెల్లసొన పెట్టమంది, చేప ముక్క పెట్టమంది. కాస్త నడిపించమని, కుర్చీ పట్టుకునైనా లేచి కూర్చోవడం అలవాటు చేయమని చెప్పింది.

సుభద్రమ్మ తలూపింది. ఏడుపు రాలేదు. అయ్యో అని కూడా అనిపించలేదు. బస్సు దిగి గుడ్లు కొంది, పొయ్యి వెలిగించింది, పెంకులు వలిచింది. మనిషిని నా సేతుల్తో నేనే కరిగించేసినాను అనుకుంది. అనుకున్నా లోపల ఏదీ కదల్లేదు.

కంచం చూసి కూర్మయ్య ఆగాడు.

"ఏటే ఇది? పత్తెం కదేటి?"

"అయిపోనాది."

"ఎప్పుడు?"

"రెండేళ్ళయినాదట."

ఆవిడ ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది.

"నన్ను తిట్టు మావా," అంది.

"తిట్టడానికైనా ఓపికుండాల కదే," అన్నాడు కూర్మయ్య, గుడ్డు తుంచుతూ. "ముందు తిననీ."