అమెరికా ఎన్నికల మర్నాడు నా డ్రైవింగ్ టెస్టు

కెనడాలోని ఓక్‌విల్‌లో నేను అద్దెకున్న బేస్‌మెంట్ పైన ఇంటివాళ్ళు, అంకుల్, ఆంటీ ఉండేవాళ్ళు. వాళ్ళది గుంటూరు. పక్కింట్లో ఇంకో అంకుల్, ఆయనది వరంగల్. ఈ అంకుల్స్ ఇద్దరూ ఒకప్పుడు అమెరికాలో ఒకే ఆఫీసులో పనిచేసి, గ్రీన్‌కార్డు కోసం చూసి చూసి విసిగిపోయి, ఒకరి వెనక ఒకరు కెనడా వచ్చేశారు. చుట్టరికమేమీ లేకపోయినా ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకునేవాళ్ళు. ఆ యేడు అమెరికాలో ఎన్నికల వేడి మొదలయ్యేసరికి ఇంటి అంకుల్ ఏనుగు గుర్తు పార్టీ, పక్కింటి అంకుల్ గాడిద గుర్తు పార్టీ అయిపోయారు. ఇక ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

“మీ ఇద్దరికీ అక్కడ ఏనాడూ ఓటే లేదు కదండీ, ఎందుకొచ్చిన గొడవ ఇది?” అని ఆంటీ అడిగితే, “ఓటు లేకపోతే నోరు కూడా ఉండకూడదా?” అంటూ ఇద్దరూ కలిసి ఆవిడ మీద విరుచుకుపడేవాళ్ళు. ఆ ఒక్క విషయంలోనే వాళ్ళకు ఐకమత్యం.

మధ్యలో నేనెందుకు ఇరుక్కున్నానంటే, నాకు కారు నడపడం నేర్పుతున్నది వాళ్ళే. వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ బాగోగులు చూసే కోర్సు నేను అప్పుడే పూర్తి చేశాను. ఒక ఏజెన్సీవాళ్ళు ఇంటర్వ్యూ చేసి, నెలాఖరులోగా లైసెన్స్ తెచ్చుకుంటే ఉద్యోగం నీదే అన్నారు. పొద్దున్నుంచీ ఇల్లిల్లూ తిరగాలి, బస్సులతో అయ్యే పని కాదు. ఆ ఉద్యోగం దొరికితే పీఆర్‌కు, అంటే ఇక్కడే స్థిరపడిపోవడానికి, అప్లై చేసుకోవచ్చు. దొరక్కపోతే మళ్ళీ కాఫీ షాపులో డోనట్లు సర్దుకుంటూ కూర్చోవాలి.

కర్నూలు సందుగొందుల్లో స్కూటీ మీద దూసుకుపోయినదాన్ని, ఇక్కడ టెస్టు రెండుసార్లు తప్పాను. ఒకసారి స్టాప్ సైన్ దగ్గర బండి పూర్తిగా ఆగలేదట. ఇంకోసారి లేన్ మారేటప్పుడు మెడ తిప్పి వెనక్కి చూడలేదట. అద్దంలో చూశాను కదయ్యా అంటే ఆ టెస్టు పెట్టేవాడు వినడే! ఒళ్ళు మండిపోయింది నాకు. నెలాఖరులోగా ఇంకొక్క తేదీయే ఖాళీ ఉంది. అది సరిగ్గా అమెరికా ఎన్నికల మర్నాడు పడింది.

కారు పక్కింటి అంకుల్‌ది. శనాదివారాల్లో నేర్పేటప్పుడు ముందు సీట్లో, నా పక్కన ఆయన కూర్చునేవారు. “నీ నేర్పుడు మీద నాకు నమ్మకం లేదు బావా” అంటూ ఇంటి అంకుల్ వెనక సీట్లో ఎక్కేవారు. నేను స్టీరింగ్ పట్టుకోవడం ఆలస్యం, అమెరికా ఆర్థిక వ్యవస్థ మొదలయ్యేది.

“ట్యాక్సులు తగ్గిస్తే కంపెనీలు పెరుగుతాయి, ఉద్యోగాలొస్తాయి. ఇంత చిన్న విషయం నీ బుర్రకెందుకు ఎక్కదు బావా?”

“ఉన్నోడికి తగ్గిస్తే ఉన్నోడే ఇంకింత బలుస్తడు. కిందోనికి ఏమొస్తది? లెఫ్ట్ ఇండికేటర్ వెయ్ బిడ్డా.”

“మరి గుడ్ల రేటు ఎవరు పెంచారు? మీవాళ్ళు కాదూ?”

“కోళ్ళకు రోగమొస్తే ప్రెసిడెంటేం జేస్తడు, పోయి సూది మందేస్తడా? బిడ్డా, బ్రేక్! బ్రేక్!”

మా ఊరి కార్ల ఫ్యాక్టరీ మీదుగా వెళ్తే గొడవ ఇంకా ముదిరేది. “మీవోళ్ళు గెలిచి ఈ బండ్ల మీద సుంకం వేస్తే ఇగ ఇక్కడోళ్ళ గతేంది?” అని పక్కింటి అంకుల్. “మన మాట అమెరికా గురించి కదా” అని ఇంటి అంకుల్. “బండ్లు అమ్ముడువొయ్యేది అక్కడ్నే గదా!” అని మళ్ళీ ఈయన. కోపం నషాళానికి అంటేసరికి ‘బావా’ కాస్తా ‘సార్’ అయిపోయేది. “సార్, మీరు కాస్త చదువుకొని మాట్లాడండి.” “మీరు చదివిందే నేనూ చదివిన సార్.”

మొదట్లో తల ప్రాణం తోకకొచ్చేది. దిగిపోయి నడిచి ఇంటికెళ్దామా అనిపించేది. పోనుపోనూ ఏమైందో ఏమో, ఆ అరుపుల మధ్య నా చేతులు వాటంతటవే తిరగడం మొదలుపెట్టాయి. వెనక నుంచి ద్రవ్యోల్బణం, పక్క నుంచి ఆరోగ్య బీమా, నేను మాత్రం అద్దం చూసి, మెడ తిప్పి, హాయిగా లేన్ మారేదాన్ని. ఎవరూ నన్ను గమనించడం లేదు కాబట్టి నాకు భయం పోయింది. నిజం చెప్పొద్దూ, ఆ శనాదివారాల కోసం ఎదురుచూసేదాన్ని.

ఎన్నికలయ్యాయి. తెల్లారేసరికి ఏనుగు గెలిచింది.

నేను పైకి వెళ్ళేసరికి ఇంటి అంకుల్ తయారై కూర్చున్నారు. పండగ చేసుకుంటారనుకున్నాను. ఆయన ముఖం చూస్తే అలా లేదు. పక్కింటి అంకుల్ ఫోనెత్తడం లేదట. రాత్రి అన్నం కూడా తినలేదని ఆయన భార్య ఆంటీతో చెప్పిందట. ఆయన రాకపోతే కారు లేదు. కారు లేకపోతే టెస్టు లేదు. ఇంటి అంకుల్ వ్యాన్ ఉంది గానీ, ఆ ఏనుగంత బండిని నేను ఏనాడూ ముట్టుకోలేదు.

ఇంతలో తలుపు తీసుకుని పక్కింటి అంకుల్ వచ్చారు. గడ్డం గీసుకోలేదు. చేతిలో కారు తాళాలున్నాయి. “నడువు బిడ్డా, టైమైతుంది” అన్నారంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కారులో ఎవరూ మాట్లాడలేదు. ఒక వీధి దాటాం, రెండో వీధి దాటాం, చప్పుడు లేదు. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. మూడో వీధిలో స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా పోనిచ్చేశాను. అడ్డంగా వచ్చినవాడు హారన్ బాది తిట్టుకుంటూ పోయాడు. బండి పక్కకు తీసి ఆపాను.

“అంకుల్, మీ ఇద్దరికీ దండం పెడతాను, ఏదో ఒకటి మాట్లాడండి! మీరు కొట్టుకోకపోతే నాకు బండి నడపడం రావట్లేదు!” అని అరిచేశాను.

పక్కింటి అంకుల్ కిటికీలోంచి బయటకు చూస్తూ, “ఇంకేముంది మాట్లాడనీకి? అయిపాయె” అన్నారు.

ఇంటి అంకుల్ గొంతు సవరించుకున్నారు. “అది కాదు బావా, సుంకాలు వద్దని నువ్వన్నది రాత్రి ఆలోచించాను. అవి వేస్తే అక్కడ కూడా ధరలు పెరుగుతాయేమోనని నాకూ అనుమానంగానే ఉంది.”

పక్కింటి అంకుల్ గిరుక్కున వెనక్కి తిరిగారు. “ఎట్ల పెరుగుతయ్?”

“బయటి సరుకు ప్రియమవుతుంది కదా.”

“ఏహె! ప్రియమైతే అక్కడ్నే తయారు జేసుకుంటరు. ఫ్యాక్టరీలు తిరిగొస్తయ్, ఉద్యోగాలొస్తయ్. గంత సోయి లేకుండ మాట్లాడితె ఎట్ల బావా?”

“వస్తాయని గ్యారంటీ ఏంటి? ట్యాక్సులు తగ్గించినా కింద ఉన్నవాడికేం రాదని నువ్వే కదా అన్నది?”

“ఎందుకు రాదు సార్? కంపెనీ పెరిగితే జీతం పెరగదా?”

అమ్మయ్య, సార్ వచ్చాడు! నేను బండి రోడ్డెక్కించాను. ఒకరి మాట ఇంకొకరి నోట్లో పడిందని ఆ వేడిలో పక్కింటి అంకుల్‌కు తట్టనే లేదు. అద్దంలో చూస్తే ఇంటి అంకుల్ మూతి బిగబట్టుకుని నవ్వాపుకుంటున్నారు. నాకు నవ్వు ఆగడం లేదు. అలా నవ్వుతూనే మెడ తిప్పి, లేన్ మారి, ప్రతి స్టాప్ సైన్ దగ్గరా బుద్ధిగా ఆగి, బండిని టెస్టు సెంటర్ చేర్చాను.

టెస్టు పెట్టినావిడ నోట్లోంచి కుడి, ఎడమ తప్ప ఒక్క మాట రాలేదు. నాకేం దిగులు లేకపోయింది. చెవుల్లో వాళ్ళిద్దరి రభస ఇంకా మోగుతూనే ఉంది. బండి తెచ్చి గీతల మధ్య పెట్టాక, ఆవిడ కాగితం నా చేతికిచ్చి నవ్వింది.

అంకుల్స్ ఇద్దరూ పార్కింగ్ చివర చలిలో నిలబడి ఉన్నారు. నేను కాగితం పైకెత్తి ఊపాను. రాత్రి నుంచి ముద్ద ముట్టని పక్కింటి అంకుల్ ఇంటి అంకుల్‌ను అమాంతం వాటేసుకుని, పార్కింగంతా వినపడేలా అరిచారు:

“బావా, గెలిచినం!”