నేను పడవ ఆపని రేవు

మోకాళ్లు అరిగి, గెడ పట్టుకుని నిలబడలేని రోజు వచ్చాక మా మామ పడవను అమ్మడానికి ఒప్పుకున్నాడు. కూనవరం దిగువన ఉండే ఒకాయన తీసుకుంటానన్నాడు. లారీ మీద వేసి పంపుదామన్నాను నేను.

"నీళ్లల్ల బతికినదాన్ని లారీ మీద శవం లెక్క తోలమంటవా అల్లుడా?" అన్నాడు మామ.

అలా ఒక శనివారం పొద్దున దుమ్ముగూడెం ఆనకట్ట దిగువన మామ, అత్త, నా భార్య, నేను పడవ ఎక్కాం. నేను మణుగూరు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాను. తొమ్మిది రోజులు సెలవు పెట్టాను. పదో రోజు, సోమవారం, ఫస్ట్ షిఫ్టుకు వెళ్లి తీరాలి. ఆ ఏడాది నా హాజరు అప్పటికే తక్కువగా ఉంది.

నీటివాలుకు పోయే ప్రయాణమే, అయినా త్వరగా సాగలేదు. మామ వాళ్ల కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. పడవ చేయి మారే ముందు, అది ఇన్నాళ్లూ సరుకు దించిన ప్రతి రేవులోనూ ఒకసారి ఆగాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వచ్చి పడవ ముక్కు మీద పసుపునీళ్లు చల్లుతారు. అన్నం తిని పొమ్మంటారు. పాత సంగతులు మొదలవుతాయి. ఒక్కో రేవు సగం రోజు మింగేది. భద్రాచలం వంతెన కిందికి వచ్చేసరికే నాలుగు రోజులైంది. నాకు లోపల గడియారం కొట్టుకుంటూనే ఉంది.

అత్త నాతో నేరుగా మాట్లాడేది కాదు. అల్లుడితో ముఖాముఖి మాట్లాడకపోవడం ఆమె పాటించే మర్యాద. "మీ ఆయన ఇంకింత చారు పోసుకుంటడేమో అడుగు" అని కూతురితో అనేది. మూరెడు దూరంలో కూర్చున్న నేను "చాలని చెప్పు" అని నా భార్యతో అనేవాణ్ని. మామ పడీ పడీ నవ్వేవాడు. "మధ్యల నా బిడ్డెను పోస్టాఫీసు చేసిండ్రు గదా!"

ఆ ప్రయాణంలో అత్తకు ఉన్న ఆశ ఒక్కటే. భద్రాచలం దాటాక రెండో రోజు వచ్చే ఊళ్లో ఆమె చెల్లెలు ఉంటుంది. తల్లి దినాల నాడు మాటా మాటా పెరిగి అక్కచెల్లెళ్లు ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. పడవ వస్తోందని తెలిసి ఆ చెల్లెలే కబురు పంపింది: రేవులో నిలబడతాను, అక్కను దిగమనండి, అన్నం వండుకొస్తాను అని. అత్త ఆమె కోసం కొన్న కొత్త చీరెను రోజుకు రెండుసార్లు సంచిలోంచి తీసి చూసుకునేది.

గురువారం మధ్యాహ్నం తడికె గూడు కింద ముగ్గురూ నిద్రపోతున్నారు. మామ నన్ను నమ్మి చుక్కాని ఇచ్చాడు. "మిరప చేన్లు, పక్కన మోటారు కొట్టం కనబడంగనె లేపు" అని మరీ చెప్పి పడుకున్నాడు. అంతకు కాసేపటి ముందే గని నుంచి ఫోన్ వచ్చింది, సోమవారం తప్పకుండా రమ్మని. చిన్నత్త ఇంటికి వెళ్తే ఆ పూటే కాదు, మర్నాడు కూడా కదలనివ్వరని నాకు తెలుసు.

మిరప చేలు కనబడ్డాయి. మోటారు కొట్టం కనబడింది. రేవులో ఆకుపచ్చ చీరె కట్టుకున్న ఆడమనిషి నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె కాళ్ల దగ్గర స్టీలు క్యారేజీ. పడవను గుర్తుపట్టి చేయి ఊపింది. ఏదో పిలిచింది కూడా. నేను చుక్కాని తిప్పి పడవను నడి ఏట్లోకి, నీళ్లు జోరుగా పారే చోటికి తీసుకుపోయాను. పొరపాటు కాదు. తెలిసి చేశాను.

వాళ్లు లేచేసరికి రెండు మలుపులు దాటాం. ఆ వడిలో గెడలతో ఎదురు పోవడం అయ్యేపని కాదు.

"రేవు రాలేదా ఇంకా?" అంది నా భార్య.

"దాటింది. ఎవ్వరూ లేరు. ఉంటే ఆపకపోదునా?"

మామ నా ముఖంలోకి చూశాడు. "మాటిచ్చి తప్పే మనిషి కాదే అది" అన్నాడు. అత్త చీరె సంచిని అడుగున, గిన్నెల కింద పెట్టేసింది. ఆ పూట తినలేదు. మర్నాడు కూతురితో ఒక్క మాట అంది: "దానికింకా మనసొప్పలేదు కావొచ్చు. రమ్మన్నది కూడ నన్ను ఉడికించనీకెనేమో."

శనివారం పొద్దున ఇసుక తిన్నె మీద అన్నం వండుతూ, "ఆ చీరె పడవ కొన్నాయన పెండ్లానికి పెట్టెయ్యే" అంది కూతురితో. ఇక దాచలేకపోయాను. చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

అత్త మొదటిసారి నా వైపు తిరిగింది. "ఏ రంగు చీరె కట్టింది?"

"ఆకుపచ్చది."

"చిక్కిందా?"

"దూరం నుంచి తెలియలేదు."

"చేతిల ఏముండె?"

"క్యారేజీ. కింద పెట్టుకుంది."

ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచింది. గిన్నెల కింద నుంచి సంచి లాక్కుని, చేతులైనా కడుక్కోకుండా ఒడ్డెక్కి రోడ్డు వైపు నడిచింది. మామ ఆపలేదు.

"నువ్వు పో అమ్మతోని. నువ్వే పోయి చెప్పు" అంది నా భార్య.

"మామ ఒక్కడే పడవెట్ల తోల్తడు?" అన్నాను. అది నిజమే. కానీ నేను కదలకపోవడానికి కారణం అది కాదు. నాకు ఆ చిన్నత్త ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

ఆ సాయంత్రం అత్త ఫోన్ చేసింది. చెల్లెలు గడప దాకా వచ్చిందట గానీ లోపలికి పిలవలేదట. పడవ తన్ను చూసి పక్కకు తిరగడం కళ్లారా చూశానందట. "నువ్వే తిప్పమని చెప్పి, ఇప్పుడు పాపం అల్లుడి మీద పెడుతున్నవా అక్కా" అందట. నా భార్య ఫోన్ నా చేతికిచ్చింది.

"నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు" అంది అత్త. "ఫోన్ల చెప్తె నమ్మదంట. నేనీడ అరుగు మీదనె కూసుంట."

"రేపు పడవ అప్పజెప్పాలి. సోమవారం డ్యూటీ ఉంది. వచ్చే ఆదివారం వస్తా."

అత్త ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పడవను అప్పజెప్పాం. మామ దాని ముక్కు మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాడు. అప్పజెప్పేటప్పుడు పసుపునీళ్లు చల్లాల్సింది అత్త. ఆమె లేదు గనుక నా భార్య చల్లింది. నేను బస్సెక్కి, సోమవారం ఫస్ట్ షిఫ్టుకు వేళకు ముందే చేరుకున్నాను.

అత్త ఆ అరుగు మీద రెండు రోజులు కూర్చుని, చీరె అక్కడే పెట్టి ఇంటికి వచ్చేసింది. మరుసటి ఆదివారం నేను వెళ్లాను. చిన్నత్త మంచమేసి, మంచినీళ్లిచ్చి, నేను చెప్పిందంతా విన్నది.

"నమ్ముతున్న అల్లుడా" అంది. "కానీ ఈ మాట మా అక్క ఈడ కూసున్న నాడు చెప్తె బాగుండు. నేను దాన్ని అనరానివన్నీ అన్న. గవ్వి యాడికి పోతయ్?"

ఇప్పుడు అక్కచెల్లెళ్లు పండగలకు ఫోన్‌లో మాట్లాడుకుంటారు. బాగున్నవా అంటే బాగున్న అనుకుంటారు. ఒకరింటికి ఒకరు మాత్రం పోలేదు. తీసుకుపోతానని నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అత్త కూతురితో ఒకే మాట అంది: "మీ ఆయనకు డ్యూటీ ఉంటది, అడక్కు."