ఐదు ట్రయల్స్ పట్టిన జాకెట్టు

సిడ్నీ శివారు గిరావీన్‌లో జాకెట్లు కుట్టే ఆంటీ గత సోమవారం కన్నుమూశారు. అంకుల్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో ఆఫీసుకు బయలుదేరుతున్నాను. ఆ రోజిక ఆఫీసుకు వెళ్ళలేకపోయాను.

యూనివర్సిటీలో డిజైన్ చదివిన రెండేళ్లూ వాళ్ళింట్లోనే అద్దెకున్నాను. ఆంటీది గుంటూరు వైపు. ఆదివారం చర్చి, మిగతా రోజులు కుట్టు మిషను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా నన్ను తిట్టగలిగేవారు. తిట్టాక అన్నం పెట్టేవారు.

చివరి సెమిస్టర్‌లో నా ప్రాజెక్టు, గృహహింస గురించి మన ఆడవాళ్ళకు తెలియజెప్పే ఒక కార్యక్రమానికి ప్రచార సామగ్రి తయారుచేయడం. కన్ను కమిలిన స్త్రీ ముఖంతో పోస్టరు వేసి, గొప్పగా ఆంటీకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"బాగా గీశావమ్మా. కానీ దెబ్బల్లేనామె ఇది చూసి, మా ఇంట్లో ఇట్టాంటిదేం లేదులే అనుకుని వెళ్ళిపోద్ది."

తర్వాత హెల్ప్‌లైన్ నంబరుతో పర్సులో పట్టే చిన్న కార్డు చేశాను. పర్సు వెతికే మొగుడుంటే ఎట్టా అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. మార్కులు నావి, కుట్టుపని చేసుకునే ఈవిడకేం తెలుసు అనుకున్నాను. అప్పట్లో నాకు పొగరు దండిగా ఉండేది.

ఆ గురువారం ఒకామె జాకెట్టు ట్రయల్‌కి వచ్చింది. భర్త బయట కారులో, ఇంజను కూడా ఆపకుండా కూర్చున్నాడు. కొలతల గదిలోకి మగవాళ్ళు రారు. ఆంటీ టేపు పట్టుకుంటే నేను కొలతలు రాస్తున్నాను. ఆమె గొంతు తగ్గించి, తన ఫోనూ జీతం కార్డూ ఆయన దగ్గరే ఉంటాయనీ, పుట్టింటికి ఫోన్ చేసి ఏడాదైందనీ చెప్పింది. ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. ఆంటీ కారు దగ్గరికి నడిచి, చంక దగ్గర బిగుతైంది, ఇంకో ట్రయల్ కావాలి, వచ్చే గురువారం తీసుకురండి అన్నారు.

నా ప్రాజెక్టు అక్కడ పుట్టింది. మామూలు దర్జీ చీటీ. దాని మీద ట్రయల్ తేదీ, టైము, అంతే. ఆ టైముకి కొలతల గదిలో, ఆంటీ ఫోనులో, సహాయ కేంద్రం నుంచి తెలుగు మాట్లాడే అమ్మాయి సిద్ధంగా ఉండేది. ఇందులో డిజైన్ ఎక్కడుందని మా లెక్చరర్ అడిగాడు. పాస్ మార్కులే వచ్చాయి.

ఆ జాకెట్టుకు ఐదు ట్రయల్స్ పట్టాయి. ఆరో గురువారం ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఏమైందని నేనెన్నిసార్లు అడిగినా ఆంటీ ఒకటే మాట అనేవారు.

"ఆమె సంగతి ఆమె చెప్పుకోవాలమ్మా, మనం కాదు."

తెలిసి చెప్పట్లేదో, తెలియకే చెప్పట్లేదో నాకు అర్థమయ్యేది కాదు. మెల్‌బోర్న్ వచ్చేశాక కూడా, వార్తల్లో మన ఆడవాళ్ళ పేరేదైనా వినిపిస్తే ఆమేనేమోనని ఫోటో వెతికి చూసేదాన్ని.

ఆంటీ అంత్యక్రియలకు సిడ్నీ వెళ్ళాను. చర్చిలో ప్రార్థన అయ్యాక అందరం కార్ల దగ్గరికి వచ్చాం. ఒకామె నా చెయ్యి పట్టుకుంది.

"కొలతలు రాసింది మీరే కదండీ? బ్లాక్‌టౌన్‌లో ఉంటున్నాం ఇప్పుడు. నేనూ, మా పాపా."

నేనేమీ అడగలేదు. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఆంటీకి ఒక్కసారైనా థాంక్స్ చెప్పలేదన్న బాధ అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఆమె పాపను వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది, తాను స్టీరింగ్ ముందు కూర్చుంది. కారు వెనక అద్దానికి కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు పెట్టుకునే ఎర్ర పి ప్లేటు ఉంది. రోడ్డు ఖాళీగానే ఉన్నా ఇండికేటర్ వేసి, కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, మళ్ళీ కుడివైపు చూసి, మెల్లగా మలుపు తిరిగింది.