మామిడి పండుగ దాకా ఆగిన అక్షరం

మొన్న బస్తర్‌లోని బచేలిలో మా అమ్మాయి క్వార్టర్‌లో కూర్చుని కందిపప్పు ఏరుతుంటే, మూడేళ్లయినా నిండని మనవరాలు ఫోను ఒళ్లో పెట్టుకుని అక్షరాలన్నీ వేలితో టకటకా నొక్కేస్తూ, ఒక్కోదానికీ ఫోను చప్పట్లు కొడుతుంటే మురిసిపోతూ, నేను చేట ఖాళీ చేసేలోపు అక్షరమాల మొత్తం ముగించేసింది. ముచ్చటేసింది, కాదనను. కానీ ఒకే ఒక్క అక్షరం కోసం నేను ఊపిరి బిగబట్టుకుని గడిపిన వేసవి గుర్తొచ్చి, ఏరిన పప్పునే మళ్లీ చేటలో పోసుకున్నాను.

నాన్న గనిలో పనిచేసేవారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ, పనిమనిషి దగ్గర నేర్చిన కాస్త గోండీ, ఇలా పెరిగినదాన్ని కనుక నాలుగు భాషలు వచ్చునన్న గర్వం నాకు కొంచెం ఎక్కువే ఉండేది. ఆ గర్వంతోనే, నాన్న ముఖం గంటు పెట్టుకున్నా వినకుండా, సుక్మాకు దక్షిణాన బస్సు దిగి గంటన్నర నడిస్తే గానీ రాని ఒక దోర్లా గిరిజనుల పల్లెలో పసిపిల్లలకు అక్షరాలు నేర్పే దీదీగా చేరాను. బాలవాడి అంటే ఒక పాక, పేడతో అలికిన నేల, మట్టిగోడకు వేలాడే హిందీ అక్షరాల పటం, అంతే. పిల్లలు అక్షరాలను పాటలా గడగడా అప్పజెప్పేవారు గానీ ఏది ఏదో గుర్తు పట్టేవారు కాదు. పలకలు చాలవు కనుక నేల మీద సుద్దతో పెద్ద అక్షరం గీసి, ఆ గీత వెంట చింతగింజలు పేర్పించి, వేళ్లకు దారి అలవాటయ్యాక గింజలు తీసేసి ఉత్త వేలితో దిద్దించేదాన్ని. మొదటి అక్షరం ‘అ’ పక్కన దానిమ్మ బొమ్మ ఉండేది, హిందీలో అనార్ కనుక. ఆ ఊళ్లో దానిమ్మను చూసినవాళ్లు లేరు. నేను ఎంత వర్ణించినా పిల్లలు దాన్ని వంకాయనే అనుకున్నారు.

రెండో అక్షరం ‘ఆ’. బొమ్మ మామిడిది, హిందీలో ఆమ్. ఇంకేం, వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. పాక వెనకే చెట్టు, చెట్టు నిండా కాయలు. నాలుగు కోసి, ముక్కలు చేసి, ఉప్పూ కారం అద్ది తలా ఒకటి పెట్టాను. మూడు నెలలుగా పెదవి విప్పని ఐదేళ్ల పిల్ల ఒకతె ఉండేది, రోజూ వాళ్ల నాయనమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి దింపేది. ఆ పిల్ల ముక్క కొరికి, కళ్లు గట్టిగా మూసుకుని, పులుపూ కారమూ నషాళానికంటి ‘ఆ’ అని అరిచింది. అందరం నవ్వాము, అదీ నవ్వింది, నవ్వుతూనే నేల మీద అక్షరం దిద్ది చూపించింది. నా అంత గొప్ప పంతులమ్మ లోకంలో లేదనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆ పిల్ల నాయనమ్మ గుమ్మంలోకి వచ్చి, ఆ సరిహద్దు పల్లెల తెలుగులో నిలదీసింది. “ఏంది దీదీ, పండుం చెయ్యకముందే పోరగాళ్ల నోట్లె మామిడికాయ పెట్టినవా? ముందుగాల తల్లికి పెట్టాలె గదా!”

పండుం అంటే పండుగ. కొత్త కాయను ముందు ఊరి దేవతకు పెట్టి, ఊరంతా ఒకచోట కూడి కోసుకున్నాకే ఎవరైనా నోట పెట్టాలి, పసిపిల్లలైనా సరే. నాలుగు భాషలొచ్చిన దీదీకి ఆ ఒక్క సంగతి తెలియలేదు.

మర్నాడు ఒక్క పిల్లా రాలేదు. ఆ మర్నాడూ అంతే. పది రోజుల్లో పైఅధికారి దీదీ తనిఖీకి రావలసి ఉంది. పిల్లలు కనబడకపోతే బాలవాడిని వాగు అవతలి ఊరికి మార్చేస్తామని ముందే చెప్పి ఉన్నారు. సర్పంచితో గట్టిగా చెప్పించమని సలహాలూ వచ్చాయి. నిజం చెప్పాలంటే, ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ఆ పిల్ల నోరు మళ్లీ మూతపడుతుందన్న దిగులే నన్ను తినేసింది. చివరికి అభిమానం చంపుకుని నాయనమ్మ వాకిట్లోకి వెళ్లి కూర్చుని, తెలియక చేశాను, తప్పయిందన్నాను. ఆమె ఇప్పపూలు ఎండబోసుకుంటూనే, పండుగకు ఒక కోడినివ్వాలనీ అంతవరకు నేనూ మామిడి ముట్టకూడదనీ తీర్పు చెప్పింది. నిరుటి కాయతో అమ్మ పెట్టి పంపిన ఆవకాయ ముట్టవచ్చో లేదో అడిగే ధైర్యం లేక, ఆ జాడీని కూడా అటకెక్కించాను.

పిల్లలు తిరిగొచ్చారు. పైఅధికారి దీదీ వచ్చిన రోజున పాక నిండుగా ఉంది. ఆవిడ పుల్లతో పటం చూపిస్తూ చదవమంది. పిల్లలు ‘అ’ అన్నారు, ఆగారు, ‘ఇ’ అన్నారు, ‘ఈ’ అన్నారు. మళ్లీ అడిగినా అంతే. ఆ చిన్నదైతే రెండు చేతులతో నోరు మూసుకుంది. మామిడిని నోట పెట్టకూడదంటే దాని అక్షరాన్ని కూడా పెట్టకూడదని పిల్లలు వాళ్లంతట వాళ్లే తీర్మానించుకున్నారన్నమాట! రెండో అక్షరమే రాని పిల్లలకు నువ్వు చెప్పిందేమిటన్నట్టు ఆవిడ నావైపు చూసింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ నాయనమ్మే నన్ను కాచింది. “వస్తది మేడం, అది గూడ వస్తది. పండుం అయినంక జెప్తరు, అప్పటిదాక ఆగుండ్రి.” జరిగినదంతా నేను హిందీలో చెప్పుకున్నాను. ఆవిడా బస్తర్ ఆడపడుచే, వాళ్ల ఊళ్లోనూ ఈ పండుగ ఉంది. రిజిస్టరు మూసేసి, అయితే పండుగ వెళ్లాకే వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

పండుగ నాడు నేనిచ్చిన కోడినీ కొత్త కాయనూ దేవతకు పెట్టాక, నాయనమ్మ ఒక ముక్క మనవరాలి నోట్లోనూ మరొకటి నా అరచేతిలోనూ పెట్టింది. ఆ పిల్ల ఊరంతటి ముందూ ‘ఆ’ అంది, వెనకే పిల్లలందరూ అందుకున్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు; పులుపని బుకాయించాను. పైఅధికారి దీదీ అన్నట్టే మళ్లీ వచ్చి ‘ఆ’తో సహా అన్నీ విని వెళ్లింది, బాలవాడి అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు బచేలి బజారులో శివరాత్రి నాటికే ఆంధ్రా లారీల్లో మామిడికాయలు దిగుతున్నాయి. కొంటాను, కోస్తాను, ఉప్పద్దుకుని తింటాను. ఇదేమిటని గుమ్మంలోకొచ్చి అడిగేవాళ్లు లేరు. తప్పు చేస్తే నిలదీసి, దండుగ వేసి, మళ్లీ పక్కన కూర్చోబెట్టుకునే ఆ మనుషులు తలపుకొచ్చి, ఏటా ఆ మొదటి ముక్క మాత్రం నాకు ఓ పట్టాన గొంతు దిగదు.